మంచులో బావ ఈల

ఈ ఏడాది కూడా జిట్టంగి వచ్చింది. విశాఖలో మా అపార్ట్‌మెంటు మేడ మీద నీళ్ళ ట్యాంకు కారే చోట, బూడిదరంగు వీపూ పసుపు పొట్టా ఒక్క క్షణం ఊరుకోని తోకా వేసుకుని పొద్దున్నే దిగింది. హిమాలయాల నుంచి ఇంత దూరం ఎగిరొచ్చింది ఈ పాచిపట్టిన సిమెంటు కోసమేనా అన్నట్టు అటూ ఇటూ నడుస్తోంది. వలస పిట్ట కనబడగానే తేదీ రాసుకునే అలవాటు నాకింకా పోలేదు. ఈసారి తేదీ రాస్తూంటే ఆ అలవాటు నేర్పిన కొండా, ఆ కొండ మీది మంచూ, అందులోంచి వచ్చిన ఒక ఈలా గుర్తొచ్చాయి.

నేనేమీ ముసలివాణ్ణి కాదు. కానీ నాతోపాటు ఎలక్ట్రానిక్స్ చదివి, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఎవరూ ఏరుకోక, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోయిన నా ఈడువాళ్ళకు తెలుస్తుంది, ఆ మొదటి ఉద్యోగం ఇప్పుడు తలుచుకుంటే ఎంత పాతకాలపు సంగతిలా ఉంటుందో. నాకు దొరికింది పిట్టల సర్వే. చలికాలపు పిట్టలు తూర్పు కనుమలకు ఎప్పుడొస్తాయి, ఎప్పుడు వెళ్తాయి అన్నది తెలుసుకోవడానికి చెట్లకు రికార్డర్లు కట్టి, వారానికోసారి మెమరీ కార్డులు మార్చి, ఆ శబ్దాలన్నీ విని, ఏ పిట్ట ఏ రోజు పలికిందో పట్టిక కట్టాలి. సాలూరులో మా అమ్మ ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పేది.

డుంబ్రిగుడ దాటి కాఫీతోటల మీదుగా ఎక్కితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో నాకు బస దొరికింది. ఆ ఇంటామెను అక్కా అని పిలిచేవాణ్ణి. కాబట్టి ఆమె భర్త నాకు బావ. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అంతకు మూడేళ్ళ ముందు వానాకాలంలో తప్పిపోయిన పశువుల్ని వెతుకుతూ కొండెక్కిన మనిషి తిరిగి రాలేదట. పశువులు మాత్రం మర్నాడు వాటంతటవే దిగొచ్చాయట. అక్క మరిది నాకు దారి చూపడానికి రోజూ వెంట వచ్చేవాడు. తమలో తాము వాళ్ళు ఒడియా కలిసిన తమ మాటలో మాట్లాడుకునేవారు, నాతో తెలుగులో. డిగ్రీ సదివి పిట్టలు అరిత్తంటే ఇంటానికి జీతమిస్తారేటని అతను నన్ను ఏడిపించని రోజు లేదు. సంతలో కనబడిన ప్రతివాడికీ నన్ను పిట్టల పోలీసని పరిచయం చేసేవాడు.

మంచు కురిసే రోజుల్లో ఆ కొండ మీద ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి పలికేది మనిషేనన్న నమ్మకం లేదంటారు. అందుకని ఊళ్ళో ప్రతివాళ్ళకూ సొంత ఈల ఒకటి ఉండేది. కిందికి రెండు, పైకి లేచి విరిగేది ఒకటి బావ ఈల. ఆయన కొండ మీంచి అలా వేస్తే, అంబలి కుండ పట్టుకుని కింద చేను గట్టున నిలబడిన అక్క తన ఈలతో పలికేదట. పొడుగ్గా సాగి, చివర్న పిల్లని జోకొట్టినట్టు తగ్గేది. మనిషి పోతే ఆ పేరున రాయి నిలబెట్టే రోజున దగ్గరివాళ్ళు ఆ ఈలను ఒక్కసారి వేసి ముగిస్తారు. తర్వాత దాన్ని ఎవరూ వేయకూడదు.

బావకు రాయి నిలబెట్టలేదు. అక్క ఒప్పుకోలేదు. అన్న ఇటూ కాక అటూ కాక కొండ మీద తిరుగుతున్నాడని మరిది బెంగ. చైత్ర పండగలోపు పని కానివ్వమని పెద్దలు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు. మంచు పొద్దుల్లో బావ ఈల పెరట్లోకి వినబడుతూనే ఉంది, బతికున్న మనిషికి రాయెలా నిలబెడతానని అక్క అంటుంది. ఆ ఈల ఊరందరూ విన్నదే. అందుకే ఎవరూ గట్టిగా వాదించలేకపోయారు.

ఇదంతా తర్వాత తెలిసింది. ముందు జరిగింది వేరు. ఓ మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని, హెడ్‌ఫోన్ల తీగ తెగిపోతే స్పీకరు పెట్టి రికార్డింగులు వింటున్నాను. పిట్టల మధ్యలో ఎవరో పశువుల కాపరి ఈల వచ్చింది. పట్టికలో మనుషుల చప్పుళ్ళకు వేరే గడి ఉంది కనుక అందులో వేసుకుని, సరిచూసుకుందామని మళ్ళీ పెట్టాను. చోడి గింజల చేటతో వచ్చిన మరిది చేట అక్కడే దించేశాడు.

"ఆపీ బాబూ, బేగి ఆపీ," అన్నాడు గొంతు తగ్గించి.

అప్పటికే అక్క గుమ్మంలో ఉంది. చేతులనిండా పిండి. నా వైపు చూడలేదు, స్పీకరు వైపూ చూడలేదు. కొండ వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అది బావ ఈలని మరిది ఆ సాయంత్రం చెప్పాడు. ఆ వారమంతా నేను ఆ ఈల వెంటే ఉన్నాను. శబ్దాన్ని తెర మీద గీతల్లా చూస్తే మనిషి ఈలకు ముందు ఊపిరి పీల్చిన మరక కనబడుతుంది, ఇందులో లేదు. ఈల ఆగిన వెంటనే, అదే చోటి నుంచి, పాముల గద్ద కేక, ఆ వెనకే ఉడత అరుపు. మనుషులెవరూ అలా చేయరు. పశువుల వీపుల మీద కూర్చునే ఏట్రింత జాతిలో తోక చివర రెండు పొడుగాటి తీగలు, వాటి కొసల్లో ఆకుల్లాంటి ఈకలు ఉండే నల్ల పిట్ట ఒకటి ఉంది. ఊళ్ళో రెండు తోకల పిట్ట అంటారు. విన్నదల్లా అనుకరించడం దాని పని. లెక్క తేలినందుకు నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. పిట్టల కాళ్ళకు గుర్తు ఉంగరాలు వేయడానికి అనుమతులున్న మా సీనియర్ వచ్చి వలలు కట్టినప్పుడు, ఈల రికార్డయిన చెట్టు కిందే ఆ పిట్ట పడింది. చేతిలోకి తీసుకుని చూస్తే పసిది. తోక తీగలు ఇంకా పూర్తిగా రాలేదు, తల మీద జుట్టు పొట్టిది. ఆ వేసవిలో గుడ్డులోంచి వచ్చిన పిట్ట. ఉంగరం వేసి వదిలేస్తే ఎదురు కొమ్మ మీద కూర్చుని, సీనియర్, మరిది, నేను, మా ముగ్గురి ముందూ, బావ ఈల వేసింది.

బావను అది ఎన్నడూ విని ఉండదు. పిట్ట దగ్గర పిట్ట నేర్చుకుంటుంది, ఇందులో వింతేముంది అన్నాడు సీనియర్. నిజమే. కానీ లోయకు అవతలి గట్టున కట్టిన రెండో రికార్డరు కార్డు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఇవతల బావ ఈల పడిన ప్రతిసారీ, అవతలి నుంచి ఇంకో ఈల పలుకుతోంది. పొడుగ్గా సాగి, చివర్న జోకొట్టినట్టు తగ్గేది. ఈసారి కొత్త హెడ్‌ఫోన్లు మరిది చెవులకు పెట్టాను. విని తీసేసి, "మా వదిన ఈలే. మడిసి కొండెక్కి మూడేళ్ళయిపోనాది," అన్నాడు. అంతే. ఆ రోజు దిగేదాకా అతను నన్ను ఏడిపించలేదు.

రెండో ఈల సంగతి అక్కకు చెప్పాలో లేదో మాకు తోచలేదు. మొదటిదే చెప్పాం. పిట్ట అనీ, ఈ ఏటి పిల్ల అనీ, ఫోటో చూపించి వివరంగా చెప్పాను. పొయ్యిలో కట్టె ముందుకు తోస్తూ మొత్తం విన్నది.

"దానికి మీ బావ తెలీదు గదా బాబూ," అన్నది చివరికి. "మరి ఎవుల్ని పిలస్తంది?"

పిట్టలు పలకడమంటే హద్దు కాపలా అనీ, జోడీ కోసం అనీ ఏదో చెప్పబోయి మానుకున్నాను. మర్నాడు ఆమే మరిదిని పిలిచి, పెద్దలకు కబురు పెట్టమంది.

రాళ్ళు నిలబెట్టే మెరక లోయ మొదట్లో ఉంటుంది. అక్కడికి ఆమె చాలాకాలంగా రాలేదు. ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, గోతి పక్కన పడుకోబెట్టిన రాయి కూడా ఎవరో దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉంది. కల్లు పోశారు, బియ్యం చల్లారు. ఇక బావ ఈల చివరిసారి వేసి ముగించాలి. అక్క రెండు వేళ్ళు పెదాలకు ఆనించింది. ఆమె ఊదకముందే అది పై నుంచి వచ్చింది. కిందికి రెండు, పైకి లేచి విరిగేది ఒకటి. అందరూ తలలు దించుకున్నారు. ఆమె పెదాలు ఎన్నో ఏళ్ళ అలవాటుకొద్దీ జవాబుకు ముడుచుకోవడం నేను చూశాను. ఆ జవాబు ఆమె నోట్లోంచి రాలేదు. లోయ అవతల, మంచులో ఎక్కడి నుంచో, ఆమె ఈలే ఆమెకు వినబడింది.

వేళ్ళు దించేసింది. ఆ రెండు ఈలలూ మళ్ళీ ఒకదాన్నొకటి పిలుచుకుని ఆగేదాకా విన్నది. ఆమె ముఖంలో భయం కనబడలేదు. పొరుగింట్లో పెళ్ళి చప్పుడు వింటున్న మనిషిలా ఉంది.

"నాను పలక్కముందే పలికీసినారు," అన్నది. "ఇంక నాకేటి పని. రాయి లేపీండి."

లేపారు. ముగింపు ఈల ఎవరూ వేయలేదు. దాని గురించి తర్వాత తగువు కూడా రాలేదు.

పోయిన చలికాలం వెళ్ళి చూసొచ్చాను. రోడ్డు ఊరి మధ్యదాకా వచ్చింది. కాఫీతోట చివర గుడారాలు వేసి పర్యాటకులకు అద్దెకిస్తున్నారు. కొండ మీద సెల్ టవరు లేచింది. మంచులో తప్పిపోయినవాడు ఇప్పుడు ఫోన్ చేస్తాడు. మరిది పిల్లలకు సొంత ఈలలు లేవు, ఎవరూ పెట్టలేదు. అక్క జుట్టు నెరిసింది. ఇప్పటికీ వినబడుతుందా అని అడిగితే, ఇంటాను, పలకను అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణీ లోయ మొదటిదాకా నడిచాను. బావదీ అక్కదీ విన్నాను. ఇంకా పైన, నేనెరగని ఈలలు వేరే మూడో నాలుగో వినిపించాయి. దిగొచ్చి, వాటిని నోటితో వేసి చూపించి ఎవరివని అడిగితే, మరిది ఒకదాన్ని, ఎప్పుడో రాయి నిలబెట్టిన మనిషిదని, గుర్తుపట్టి ఇక చాలన్నాడు. మిగతావి అతనికీ తెలియలేదు. అవి ఎవరివో చెప్పగల ముసలివాళ్ళు ఊళ్ళో ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్ళ తర్వాత మంచులో ఏ ఈల వినబడినా, మాలాంటివాళ్ళం దాన్ని పిట్ట కూత అనే రాసుకుంటాం. అది తప్పు కూడా కాదు.