మొదటి దెబ్బ మొద్దు మీదనే

కమ్మరి తాత పోయాడని తెలిసినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లల బరువు తూస్తున్నాను. పాలు పోసే ఆమె గుమ్మంలో నిలబడి, "తాత పొద్దుగాల పోయిండు టీచరమ్మా, నిద్రలనే" అంది. పెద్ద వయసే. మంచాన పడలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. నాకు ఏడుపు రావాలి. ముందు భయం వచ్చింది. తాత పోతే ఆ గొడ్డలి ఏమవుతుంది అన్నదే నా మొదటి ఆలోచన. నా మీద నాకే రోత పుట్టింది గానీ ఆ ఆలోచన మాత్రం పోలేదు.

ఆ గొడ్డలి మా ఆయనది. ఏడేళ్లుగా తాత దగ్గరే ఉంది. ఆ సంగతి తాతకూ నాకూ తప్ప మూడో కంటికి తెలియదు.

కట్టంగూర్ రోడ్డు దిగి మా ఊళ్లోకి వస్తుంటే ఎడమ చేతి పక్కన రేకుల కింద తాత కొలిమి. కొడవళ్లు, గడ్డపారలు, గొడ్డళ్లు, కత్తిపీటలు, ఊరి ఇనుమంతా ఆ మనిషి చేతుల మీదుగానే పోయేది. ఏది తెచ్చినా ముందు "దేనికి?" అని అడిగేవాడు. కత్తిపీట తెచ్చిన ఆడవాళ్లనైతే "కూరకేనా, మొగనికా?" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆయన మాత్రం జవాబు వచ్చేదాకా మా ముఖాలే చూసేవాడు. అది ఉత్త పరాచికం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పదును పెట్టినదాన్ని చేతికి ఇచ్చేవాడు కాదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడు నేను కొడవలి కోసం చెయ్యి చాచితే గద్దించాడు. "చేతి నుంచి చేతికి ఇస్తే ఇద్దరి నడుమ పంచాది వస్తది బిడ్డా. కింద పెడ్త, తీసుకో." గొడ్డలికైతే ఇంకో పద్ధతి ఉండేది. కొలిమి ముందు ఒక తుమ్మ మొద్దు అడ్డంగా పడి ఉండేది. ఎవరి గొడ్డలి అయినా వాళ్లే ముందు దాని మీద ఒక దెబ్బ వెయ్యాలి. ఆ మొద్దు నిండా గాట్లే. "మొదటి దెబ్బ మొద్దు మీదనే. ఇనుము సంగతి నాకెర్కే, చెయ్యి సంగతి మొద్దు చెప్తది" అనేవాడు.

ఏడేళ్ల కిందట, కొత్త పాసుపుస్తకాలు వచ్చిన ఏడాది, మా భూమిలో రెండు గుంటలు మా మరిది పేరు మీదికి పోయాయి. ఎవరి పొరపాటో ఇప్పటికీ తెలియదు. మరిది మాత్రం ఆలస్యం చేయకుండా హద్దురాళ్లు మా వైపు జరిపాడు. మా ఆయన నెమ్మదస్తుడు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, ఒక్క మాటా అనలేదు. అన్నది నేనే. మూడో రోజు పొద్దున చాయ్ ఇస్తూ, "గాజులిస్త, ఏసుకొని ఇంట్ల కూసో. నేనే పోయి అడుగుత నీ తమ్మున్ని" అన్నాను.

ఆయన చాయ్ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. తలుపు మూల నుంచి గొడ్డలి తీశాడు. "ఏడికి?" అన్నాను. "తుమ్మకంప కొట్టాలె" అన్నాడు. రెండేళ్లుగా మా ఇంట్లో ఎవరూ కంప కొట్టలేదు. వద్దని అనడానికి నోరు రాలేదు. అంతకు ముందే అంత బాగా వచ్చిన నోరు.

ఆయన కొలిమి వైపు తిరిగాడు. నేను వెనకే వెళ్లి పక్కింటి గోడ చాటున నిలబడ్డాను.

"దేనికి కొడుకా?" అన్నాడు తాత.

"కంపకు."

"ఒక్క దెబ్బెయ్యి. మొండి ఎంతుందో సూస్త."

మా ఆయన వేశాడు. మొండి గొడ్డలే, అయినా సగం దాకా దిగింది. రెండు చేతులా గుంజినా రాలేదు. తాత ఆ గాటును చూశాడు, మా ఆయన మెడ మీద ఉబ్బిన నరాలను చూశాడు.

"ఇడిసిపెట్టి పో. ఎల్లుండి రా."

"నాకిప్పుడే కావాలె తాతా."

"బొగ్గు లేదు కొడుకా."

పక్కనే మోకాలెత్తు బొగ్గు కుప్ప ఉంది. అది మా ఆయనకూ కనబడుతూనే ఉంది. అంత పెద్దమనిషితో ఏం వాదిస్తాడు, కొంచెంసేపు నిలబడి ఉత్త చేతులతో ఇంటి దారి పట్టాడు. గోడ చాటున నేను ఉన్నానని తాతకు ముందే తెలుసు. నా వైపు చూడకుండానే అన్నాడు. "నేను పెట్టే పదును ఇనుముకు. నాకంటె ముందుగాల నువ్వు మనిషికి పెట్టి పంపినవ్ బిడ్డా." మా అమ్మ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

రెండు రోజులాగి మా ఆయన వెళ్తే, "కాల్చేటప్పుడు నెర్రె వడ్డది. పనికి రాదు" అన్నాడట తాత. మా ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. తాత తల వంచుకుని ఆ మాటలన్నీ పడ్డాడు. "ముసలోని చెయ్యి పాడైంది, ఇనుము ఖరాబు చేస్తుండు" అని మా ఆయన ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. ఆ ఏడు సగం మంది టౌనుకు పోయి మిషను మీద సాన పట్టించుకున్నారు. కమ్మరికి చెయ్యి పాడైందనడం కంటే పెద్ద మాట లేదు. ఆ మాట ఆయన నెత్తిన పడింది మా ఇంటి వల్ల, అసలు చెప్పాలంటే నా వల్ల.

వారం తర్వాత కత్తిపీట నెపం పెట్టుకుని వెళ్లాను. తాత బొగ్గు గంప జరిపి, గోనెసంచి విప్పి చూపించాడు. నెర్రె లేదు, ఏమీ లేదు. అంచు తళతళలాడుతోంది.

"పని పట్టినంక చెయ్యకుంటె కొలిమికి పాపం. చేసిన. ఎప్పుడియ్యాల్నో నేను సూసుకుంట."

"నీ పేరు పోతాంది తాతా."

"పోనీ. పేరు పోతే మనిషి చస్తడా? నువ్వు మాత్రం చెప్పకు."

నేను చెప్పలేదు. భయం. ఆ హద్దురాళ్లు జరిపిన చోటే ఉన్నాయి, అన్నదమ్ములు పెళ్లిళ్లలో మాత్రం పొడిపొడిగా మాట్లాడుకుంటారు. ఈ మధ్య మళ్లీ భూముల సర్వే అంటున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా మా ఆయన పళ్లెంలో అన్నం మిగిలిపోతోంది. నేను మాత్రం ఇప్పుడు నోరెత్తను.

తాత దినాలు అయిపోయాక ఆయన కొడుకు గోనెసంచితో మా ఇంటికి వచ్చాడు. "బాపు దసరా దసరాకు దీన్ని తీసి ఆముదం రాసేటోడక్కా. ఎవరిదంటే చెప్పకపోయేది. పోయే ముందురోజు రాత్రి మాత్రం చెప్పిండు, టీచరమ్మకే ఇయ్యి అని." చేతికివ్వబోయాడు. "కింద పెట్టు తమ్మీ" అన్నాను. నన్ను నమ్మి పంపాడో, నా పదును నాకే తిప్పి పంపాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నాలుగు రోజులు దాన్ని బియ్యం డబ్బా వెనక దాచి, గంటకోసారి చూసుకున్నాను. దాచడం తాతకు చేతనైంది. నాకు కాలేదు. పైగా ఊళ్లో ఇంకా "పాపం, చివరికి చెయ్యి పాడైంది" అనే అనుకుంటున్నారు. ఇన్నాళ్లు పొందిన మేలుకు ఆ ఒక్క మాటయినా కడగకపోతే నేను మనిషినే కాదు.

నిన్న సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, గొడ్డలిని వాకిట్లో నేల మీద పెట్టి కూర్చున్నాను. మా ఆయన వచ్చాడు. కర్ర కామ చూసి గుర్తుపట్టాడు, ఆ పిడి ఆయన చెక్కుకున్నదే. వంగి అంచు మీద బొటనవేలు ఆనించాడు.

"తాత చెయ్యి పాడుకాలేదు" అన్నాను. మొత్తం చెప్పాను. గాజుల మాట కూడా దాచలేదు.

ఆయన అంచు మీది నుంచి వేలు తీశాడు. తర్వాత గొడ్డలి తీసుకుని బయటికి నడిచాడు. "ఏడికి?" అన్నాను, ఆనాడు అన్నట్టే. ఆయన వెనక్కి తిరగలేదు. మా వాకిలి దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఆ హద్దురాళ్లున్న చేన్లకు, ఒకటి కొలిమికి. వాకిలి దాటి వెళ్లి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

కొంతసేపటికి కొలిమి వైపు నుంచి మొద్దు మీద ఒక్క దెబ్బ వినబడింది. అది ఎట్లా పడిందో చూసి చెప్పడానికి అక్కడ తాత లేడు.