రుమాల్లో తెచ్చిన ప్రసాదం

మొన్న శుక్రవారం మా గోడ పక్క విల్లాలో ఉండే కేరళ దంపతులు, తమ పాప చర్చిలో మొదటిసారి అప్పం తీసుకునే వేడుకకి రమ్మని పిలిస్తే, పట్టుచీర కట్టుకుని, పాపకి కానుక పట్టుకుని, దోహాలో మేముండే ఐన్ ఖాలిద్ నుంచి మావారితో కలిసి వెళ్ళాను. ఊరి చివర పెద్ద ప్రహరీ లోపల కట్టిన ఆ చర్చిలో ఇసుక వేస్తే రాలనంత జనం. అప్పం పంచే వేళకి మైకులో ఒకాయన, జ్ఞానస్నానం పొందనివారు దయచేసి కూర్చునే ఉండండని ముందు ఇంగ్లీషులో, తర్వాత మలయాళంలో, మర్యాదగా రెండేసి సార్లు చెప్పాడు. మా వరుసలో అందరూ లేచారు. వాళ్ళు దాటి వెళ్ళడానికి మోకాళ్ళు పక్కకి తిప్పుకుని కూర్చున్నానా, నా ప్రమేయం లేకుండానే నా కుడి అరచెయ్యి ఎడమ అరచేతి మీదికి చేరి దొప్ప అయిపోయింది. గబుక్కున రెండు చేతులూ కొంగు కింద దాచేసుకున్నాను. ఏసీ ఎక్కువైందా అని మావారు అడిగితే, అవునన్నాను.

ఏసీ కాదు. సిగ్గు. ఈ వయసులో, తల నెరిసి మనవల కోసం ఎదురుచూసే రోజుల్లో, పదహారేళ్ళ వయసు నాటి సిగ్గు మళ్ళీ చెవుల దాకా పాకుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

తొంభైల నాటి దోహా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఈ ఆకాశాన్నంటే మేడలు లేవు, చర్చి అసలే లేదు. మేము అల్ హిలాల్‌లో ఒక మూడంతస్తుల బిల్డింగ్‌లో ఉండేవాళ్ళం. నాన్న తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి రాస్ లఫాన్‌లో పని జరిగే చోటికి వెళ్ళి లెక్కలు చూసుకుని, పొద్దుగూకాక ఒంటినిండా దుమ్ముతో ఇల్లు చేరేవారు. మాది కరీంనగర్ వైపు పల్లె. అక్కడ మా నానమ్మకి ఖతర్ అన్న పేరు చచ్చినా నోరు తిరిగేది కాదు, మా కొడుకు దుబాయ్‌ల ఉంటడు అనేది. మా ఎదురు ఫ్లాట్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబం ఉండేది. బాబాయి నాన్న కంపెనీలోనే డ్రాఫ్ట్స్‌మన్, పిన్ని చిన్నపిల్లల బడిలో టీచరు. రక్తసంబంధం ఏమీ లేదు కానీ, పరాయి దేశంలో ఎదురింట్లో తెలుగు వినబడితే వరసలు వాటంతట అవే కలిసిపోయేవి. రెండు తలుపులూ పొద్దస్తమానం తెరిచే ఉండేవి, మా తమ్ముడికైతే ఏ ఇంట్లో అన్నం తిన్నాడో వాడికే తెలిసేది కాదు.

శుక్రవారం సెలవు కదా, పిన్నీ వాళ్ళు పొద్దున్నే తయారై బయట వేరే మతాల పూజలు కుదరవు కాబట్టి ఎవరిదో విల్లాలో పరదాలు దించుకుని చేసుకునే పూజకి వెళ్ళేవారు. కార్లు దూరంగా ఆపి నడిచి వెళ్ళేవారట. మా అమ్మ కూడా దేవుడి పటాలన్నీ పడగ్గది బీరువాలో పెట్టి, తలుపు తెరిచి దీపం వెలిగించి, మళ్ళీ మూసేసేది. రెండిళ్ళ దేవుళ్ళూ తలుపుల వెనకే కాపురం ఉండేవాళ్ళు. ఒక్క విషయంలో మాత్రం అమ్మకి పిన్ని మీద చిన్న కినుక. పండగకి పులిహోరో పరమాన్నమో నైవేద్యం పెట్టి ప్రసాదం ఇస్తే, పిన్ని రెండు చేతులా అందుకుని, తర్వాత తింటాను అక్కా అనేది. ఒకసారి ఆ పులిహోరనే మా బిల్డింగ్ కాపలా చూసే నాతూర్ మెట్ల కింద కూర్చుని తింటుండగా అమ్మ చూసింది. వారం రోజులు మనసు కష్టపెట్టుకుంది గానీ పిన్నితో ఒక్క మాట అనలేదు.

నా పదో తరగతి అయ్యేసరికి పిన్నే నా పైచదువు మాట తెచ్చింది. పిన్ని తమ్ముడు ఫాదర్. అమెరికాలో ఒక పెద్ద నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో ఉండేవారు. అక్కడి క్యాథలిక్ బడిలో పిల్లలు తగ్గిపోయి, బయటి దేశాల పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టారట. ఫీజు తగ్గిస్తారు, ఉండడానికి మంచి ఇల్లు చూస్తారు, కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే బాధ్యత తమ్ముడిది అని చెప్పింది. నాన్న ఎగిరి గంతేసినంత పని చేశారు. అమ్మకి మాత్రం ఒకటే భయం, పిల్లని మతంలో కలిపేసుకుంటారేమోనని. ఆ భయాన్ని కడుపులో దాచుకోలేదు కూడా. మా వంటింట్లోనే పిన్నిని నిలబెట్టి, నా నెత్తిన చెయ్యి పెట్టించి, అక్కడ ఎవ్వరూ నాతో మతం మాట ఎత్తరని ఒట్టు వేయించుకుంది. పిన్ని నవ్వుతూనే ఒట్టు వేసింది. ఆ నవ్వు కాస్త వాడినట్టనిపించినా నాకు అప్పుడు పట్టలేదు. అమ్మ అడిగింది న్యాయమే అనిపించింది.

ఆ ఊరు బాగుండేది. సరుకు పడవలు గొలుసుకట్టులా ఒకదాని వెనక ఒకటి నది మీద పోతుంటే మా క్లాసు కిటికీలోంచి కనిపించేవి, చలికాలంలో ఒడ్డు వెంట నీళ్ళు గడ్డకట్టేవి. నేను ఉన్నది ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో. ఖతర్ ఎక్కడుందని ఆవిడ ఇరుగుపొరుగు అడిగితే చెప్పి చెప్పి విసుగెత్తి, మా నానమ్మలాగే దుబాయ్ అనేసేదాన్ని. బడిలో వారానికోసారి పూజ ఉండేది. నేనూ, కొరియా అమ్మాయి ఒకతీ వెనక వరుసలో కూర్చుని, అందరూ లేస్తే లేవడం, కూర్చుంటే కూర్చోవడం. ముందుకి వెళ్ళినవాళ్ళకి ఏదో పంచుతారని తెలుసు గానీ, అదేంటో మాకెవరూ చెప్పలేదు. పిన్ని తమ్ముణ్ణి మామయ్యా అనేదాన్ని. ఆదివారాలు ఆవకాయ కలిపిన అన్నం పెట్టి, చదువు గురించి, ఇంటి గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు. చర్చి సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేసేవారు. ఫాదర్లకి ఇంట్లో కూడా డ్యూటీ మాటలు ఇష్టం ఉండవేమో అనుకునేదాన్ని.

ఏడాది చివర, సెలవులిచ్చే ముందు, నది ఒడ్డున గడ్డి మీద పూజ జరిపే ఆనవాయితీ ఉంది ఆ ఊళ్ళో. ఊరంతా వచ్చింది. అక్కడ వెనక వరుస లేదు, ముందు వరుస లేదు, అసలు బెంచీలే లేవు. అందరూ క్యూలో కదిలితే నేనూ కదిలాను. పొరుగూరి నుంచి వచ్చిన ఒక పెద్ద ఫాదర్, నేనెవరో ఎరగని మనిషి, తెల్లటి పలచటి బిళ్ళ చేతిలో పెట్టాడు. తీర్థానికి పట్టినట్టు కుడిచెయ్యి పైన పెట్టి పట్టి, కళ్ళకద్దుకున్నాను. ఇక తినడం ఎలా? తిరుపతి వెళ్ళినా, వేములవాడ వెళ్ళినా, ప్రసాదం ఇంటికి తెచ్చి అందరికీ పెట్టకుండా ఒక్కళ్ళం నోట్లో వేసుకోవడం మా ఇంట్లో లేదు. ఏటి ఒడ్డున, అంత మంచి గాలిలో, అంతమంది పాటల మధ్య ఇచ్చిన ప్రసాదం. అమ్మకి ఇవ్వాలనిపించింది. రుమాల్లో చుట్టి, పెన్సిల్ పెట్టెలో దాచుకున్నాను. దోహా ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అతను నా పౌడరు డబ్బా మూత తీసి వాసన చూస్తుంటే వేరే దేవుడి వస్తువని లాక్కుంటాడేమోనని పెన్సిల్ పెట్టె వంకే చూస్తూ నిలబడ్డాను. దాని జోలికి మాత్రం పోకుండా యల్లా, ఇక నడువని పంపేశాడు.

అమ్మ మురిసిపోయింది. మతం మాట ఎత్తొద్దన్న మనిషే, దేవుడెవరైతేనేం, ప్రసాదం ప్రసాదమే అంది. శుక్రవారం తలంటు పోసుకుని, బీరువాలో దీపం పెట్టి, ఆ బిళ్ళని పటాల ముందుంచి, తర్వాత ఐదు ముక్కలు చేసింది. నాన్న, తమ్ముడు తినేశారు. అప్పుడే పిన్ని విల్లాలో పూజ నుంచి తిరిగొచ్చి, నన్ను చూడాలని నవ్వుకుంటూ లోపలికొచ్చింది. ఇదైతే నువ్వు తర్వాత తింటాననవుగా అన్నట్టు, అమ్మ గర్వంగా ఒక ముక్క ఆమె చేతిలో పెట్టి, పిల్ల మీ నది దగ్గర్నుంచి తెచ్చిందని చెప్పింది.

పిన్ని ఆ ముక్క మీద ఉన్న సగం శిలువ గుర్తుని చూసింది. ఫాదర్ గారు చేతికిచ్చారా అని నన్ను మెల్లగా అడిగింది. అవునన్నాను. రుమాలు సంగతి, పెన్సిల్ పెట్టె సంగతి, సంతోషంగా మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగానే ఆమె మొహం పాలిపోయింది. నేల మీద మోకాళ్ళూని, నా చేతిలోదీ అమ్మ చేతిలోదీ తన రుమాల్లోకి తీసుకుని, పళ్ళెంలో నలుసులు కూడా వేలితో అద్దుకుని, వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు వేసి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం బాబాయి వచ్చి నాన్నకి విడమరిచి చెప్పారు. అది వాళ్ళకి ప్రసాదం కాదట, సాక్షాత్తూ దేవుడేనట. విశ్వాసులు తప్ప తీసుకోకూడదట, జేబులో పెట్టుకుని తిరగడం మహాపచారమట. ఆయన కోపంగా చెప్పలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. నాన్న తిన్నది కక్కలేక, మింగలేక తల దించుకుని కూర్చున్నారు. ఆఫీసులో నా భక్తి గురించి అప్పటికే నలుగురితో చెప్పుకున్నారు పాపం. ఇక ఏ మొహం పెట్టుకుని అక్కడికి పంపుతాం, నిన్ను నమ్మి మాట ఇచ్చినవాళ్ళ దేవుణ్ణి ముక్కలు చేసి పంచాం అని, చదువు ఇక్కడే చదువుకోమన్నారు. మెట్ల మీద పిన్ని చెప్పుల చప్పుడు వినబడితే చాలు, లోపలి గదిలోకి పారిపోయేదాన్ని.

రెండు రోజుల తర్వాత పిన్నే వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఏడాది కిందట ఒట్టు వేసిన చోటే నిలబడింది. తమ్ముడికి ఫోన్ చేశానంది.

"పిల్ల తప్పేం లేదక్కా. నీకు మాటిచ్చాను కదా, మా తమ్ముడికీ అదే చెప్పాను, దానితో మతం ఊసెత్తొద్దని. వాడు ఒక్క ముక్క చెప్పలేదు. అదేంటో దానికెలా తెలుస్తుంది?"

అమ్మ స్టవ్ ఆపేసింది.

"నేనే అనుమానపడ్డ చెల్లె. నీ చేతి అన్నం నా పిల్లలు తినంగనే నిన్ను అనుమానపడ్డ. నాకు నీ ముఖం చూడ సిగ్గయితున్నది."

ఆ ఒట్టు అప్పుడు తనని నొప్పించిందని పిన్ని దాచుకోలేదు. నన్ను పంపకపోతే తన తమ్ముడు అక్కడ తలెత్తుకోలేడని చెప్పి, నా జడ సరిచేసి వెళ్ళింది. నాన్న మెత్తబడ్డారు. నా ప్రయాణం మళ్ళీ ఖాయమైంది.

బయల్దేరే ముందు శ్రావణ శుక్రవారం వచ్చింది. మా అమ్మ మడి వంట సంగతి మీకు చెప్పాలి. నైవేద్యం అయ్యేదాకా ఉప్పు చూడటం కాదు కదా, పులిహోర పోపు వాసన పీల్చినా మా వీపు విమానం మోత మోగేది. అలాంటి మనిషి ఆ రోజు పులిహోర కలిపి, దీపం ఇంకా వెలిగించకుండానే, బీరువా తలుపు ఇంకా తెరవకుండానే, మొదటి గరిటె ఒక గిన్నెలో తీసి మూత పెట్టి, ఎదురు ఫ్లాట్‌కి పట్టుకెళ్ళింది. నాన్న, తమ్ముడు, నేను కొయ్యబారి నిలబడిపోయాం. దేవుడికింకా చూపించలేదు చెల్లె, తిను అని మాత్రం అంది అమ్మ. పిన్ని తర్వాత తింటాననలేదు. గుమ్మంలోనే నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, గిన్నె ఖాళీ చేసి ఇచ్చింది. అప్పుడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అమ్మ దీపం పెట్టింది.

నేను వెళ్ళి చదువు పూర్తి చేశాను. మిగతా ఏళ్ళన్నీ వెనక వరుసలో, జనం దాటి వెళ్ళడానికి మోకాళ్ళు తిప్పుకుంటూ గడిచాయి. మామయ్య అన్నీ చెప్పారు, అడిగినవీ అడగనివీ. పిన్ని వాళ్ళు తర్వాత గుంటూరు వెళ్ళిపోయారు. ఇప్పుడు అమ్మా లేదు, పిన్నీ లేదు.

ఇప్పుడు అన్నీ మైకులో చెప్పేస్తున్నారు. మంచిదే, మా ఇంట్లో జరిగినట్టు ఏ ఇంట్లోనూ జరగదు. కానీ ఎవరి గుమ్మాలు వాళ్ళవి, ఎవరి తలుపులు వాళ్ళవి, పొరపాటు పడేంత దగ్గరగా ఎవరూ రావడం లేదు. కిందటి శ్రావణ శుక్రవారం పులిహోర కలిపి, పక్కింటి కేరళ అమ్మాయికి, ఆ పాప తల్లికి, ముందుగా గిన్నె తీద్దామని గరిటె పట్టుకున్నాను. అమ్మ చేసింది కళ్ళారా చూసినదాన్ని. అయినా చెయ్యి రాలేదు. దీపం పెట్టి, నైవేద్యం చూపించి, హారతి ఇచ్చాకే పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి రెండు చేతులా అందుకుని, తర్వాత తింటాను ఆంటీ అంది. నేనూ సరేనన్నాను.