ఉసిరి చెట్టు కోసం ఆదివారాలు

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్ది ఏళ్లలో నేనక్కడ ఇంటర్మీడియట్ చదివాను. మాది తెనాలి పక్క పల్లెటూరు. కర్నూల్లో మకాం మా బాబాయి ఇంట్లో. బాబాయి సర్కారు గుమాస్తా. ఆఫీసుకు గోడలు కూడా లేవు, గుడారంలో కూర్చుని ఫైళ్లు రాసేవాడు. అయినా ఏం దర్జా! ఏదో సముద్రాలు దాటి వచ్చినట్టు, "పరదేశంలో పడ్డాం రా" అని రోజూ ఒకటే గొణుగుడు. ఇక్కడి నీళ్లు గొంతు దిగవట. బెజవాడ నుంచి వచ్చేవాళ్ల చేత కూజాలో కృష్ణ నీళ్లు తెప్పించుకునేవాడు. "ఈ ఊరి పక్కన పారే తుంగభద్ర వెళ్లి కలిసేది ఆ కృష్ణలోనేగా బాబాయ్" అన్నానొకసారి. చదువు ఎక్కువై నోరు లేస్తోందని నా మీద విరుచుకుపడ్డాడు.

పిన్ని ఆ ఊరు వచ్చి ఏడాది దాటింది. రైలు దిగిన స్టేషను, ఈ ఇల్లు, పెరట్లో బావి తప్ప ఆవిడ చూసిందేమీ లేదు. మా ఇద్దరికీ వండాలి. ఆదివారమైతే బాబాయి స్నేహితులు ఇద్దరికి కూడా. ఒకాయన నస్యం పీలుస్తాడు, రెండో ఆయన పొట్ట తడుముకుంటూ కూర్చుంటాడు. పెళ్లాలను ఊళ్లో వదిలేసి వచ్చిన మహానుభావులు.

కార్తీకం వచ్చింది. పిన్ని బాబాయిని ఒకే ఒక్కటి అడిగింది.

"ఏమండీ, ఒక్క ఆదివారం వనభోజనాలకు తీసుకెళ్లండి. ఇంకెవరైనా వండి వడ్డిస్తే చెట్టు కింద కూర్చుని తినాలనుంది."

"దానికేం భాగ్యం! వంటమనిషిని మాట్లాడతాను. ముందు ఓ మంచి ఉసిరి చెట్టు చూసి రానీ" అన్నాడు బాబాయి. పిన్ని మొహం ఎంత వెలిగిందో నాకిప్పటికీ గుర్తే.

మొదటి ఆదివారం ముగ్గురు మగాళ్లూ చెట్టు చూడ్డానికి జట్కా ఎక్కారు. క్యారియరు మోయడానికి నేను. పొద్దు పోతుంది కదా, దారిలో ఆకలేస్తుంది కదా! పిన్ని తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, బూరెలు వేసి, దద్దోజనం తాలింపు పెట్టి ఇచ్చింది. వానలు వెలిసిన రోజులు. ఎండలో పదును లేదు, చేలు పచ్చగా ఉన్నాయి. అవేవీ ఆ ముగ్గురి కళ్లకూ ఆనలేదు. "ఇదీ ఒక దేశమేనా" అని ముక్కు విరుస్తూ, ఓ చింతచెట్టు కింద జంపఖానా పరుచుకుని అడుగూ బొడుగూ ఊడ్చి తిన్నారు. తిని నిద్రపోయారు. నిద్రలేచి ఇంటికొచ్చారు.

"ఉసిరి చెట్టు ఉంది గానీ దగ్గర్లో నీళ్లు లేవోయ్" అన్నాడు బాబాయి.

రెండో ఆదివారం కె.సి. కాలువ గట్టు మీదికి. అక్కడ కావలసినన్ని నీళ్లున్నాయి, ఉసిరి చెట్టు లేదట. వాళ్లు వెతికితే కదా! పేకముక్కలు మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నారు. మూడో ఆదివారం నీళ్లూ ఉన్నాయి, ఉసిరి చెట్టూ ఉంది. కానీ నీడ పలచనట. నస్యం ఆయన చెట్టు చుట్టూ తిరిగి, పిల్లను చూడ్డానికి వచ్చినవాడిలా పెదవి విరిచాడు. "మన వైపు చెట్టు చెట్టులా ఉంటుందండీ" అన్నాడు. సిగ్గు లేకపోతే సరి! పక్కనే వేపచెట్టు కిందికి జరిగి, నోటి నిండా బూరె పెట్టుకుని మరీ అన్నాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ పిన్ని నన్నడిగింది.

"ఏరా, ఎక్కడ కూర్చుని తిన్నార్రా?"

"చెట్టు కింద, పిన్నీ."

"ఏం చెట్టు?"

"ఇవాళ వేప. మొదటి వారం చింత. పోయిన వారం కాలువ గట్టు మీద కానుగ."

గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది. "అయితే మూడు వనభోజనాలు అయ్యాయన్నమాట" అంది. అంతే, మళ్లీ తోముకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మా ఇల్లుగలావిడ అదే ఊరి రైతు మనిషి. గోడ అవతల గిన్నెలు కడుక్కుంటూ ఇదంతా విన్నది.

"ఏమ్మా, ఉసిరి చెట్టు దొరికేదాకా ఇంట్లోనే ఉంటావా ఏంది? ఆదివారం మా చేనికాడికి రా. హంద్రి ఏరు దాటితే ఆడనే. బుడ్డలు పెరుకుతాండాం. శానామంది ఆడోళ్లుంటారు." బుడ్డలంటే ఆ వైపు వేరుశనక్కాయలు.

కార్తీకంలో ఆఖరి ఆదివారం. "ఇవాళ చెట్టు ఖాయం చేసుకునే వస్తాం" అన్నాడు బాబాయి. పిన్ని క్యారియరు నా చేతికిచ్చింది. మధ్యాహ్నం ఓ మర్రి కింద జంపఖానా పరిచి, పొట్ట తడుముకునే ఆయన ఆత్రంగా మూత తీశాడు. పై గిన్నెలో బియ్యం. దాని కింద కందిపప్పు. ఆ కింద చింతపండు, ఎండుమిరపకాయలు, ఒక అగ్గిపెట్టె.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నం వార్చడం ఒక్కడికీ రాదు. రాజధాని నడిపే మొనగాళ్లు! నేను నవ్వాపుకోలేక చెట్టు వెనక్కి పోయాను.

కడుపులు కాలి ఇంటికొస్తే తలుపుకు తాళం. అరుగు మీద వరసగా కూర్చున్నాం. బాబాయి ఊరిని తిట్టాడు, ఎండను తిట్టాడు, జట్కావాణ్ణి తిట్టాడు. పొద్దు వాలుతుండగా ఇల్లుగలవాళ్ల ఎద్దులబండి వచ్చి ఆగింది. పిన్ని దిగింది. కాళ్లకు ఎర్రమట్టి, కొంగులో పచ్చి బుడ్డలు.

"ఎక్కడికెళ్లావ్?" గద్దించాడు బాబాయి.

"వనభోజనాలకు."

"ఏం తిన్నావ్ అక్కడ?"

"జొన్నరొట్టె, బుడ్డలు నూరిన ఊరిబిండి."

"ఓహో! ఉసిరి చెట్టు దొరికిందేమిటి నీకు?"

"ఏం చెట్టో నేనడగలేదండీ" అంది పిన్ని, తాళం తీస్తూ. "కూర్చోమన్నారు, కూర్చున్నాను. వాళ్లే వడ్డించారు."