నూకాలమ్మ అడిగిన మాట

రేపల్లె బస్టాండు పక్క సందులో ఎండు రొయ్యల వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. డెబ్బైల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆ వాసన మా పెరట్లోకి నూకాలమ్మతో వచ్చేది. సముద్రం ఒడ్డు పాలెం నుంచి నెత్తిన చేపల గంపతో వచ్చి, అరుగు కిందే కూర్చుని, అమ్మ పెట్టిన చద్దన్నంలో మాగాయ ముక్క కొరుక్కుంటూ, ఎండాకాలమైతే ఉప్పుగాలి గురించీ వానాకాలమైతే తిరిగిరాని పడవల గురించీ చెప్పేది. ఆమె కన్నది ఐదుగురిని; మిగిలింది ఇద్దరు కొడుకులు.

మాది మాగాణి ఉన్న ఇల్లు. తాత పొలం నలుగురు కొడుకుల మధ్య ముక్కలైందన్న దిగులు మావాళ్లందరికీ ఉండేది. అందుకే నేనూ తమ్ముడూ పుట్టగానే అమ్మ తెనాలి వెళ్లి ఆపరేషన్ చేయించుకుంది. అదే మాట నూకాలమ్మకూ చెప్పింది.

"ఇద్దరున్నారుగా, ఇంకెందుకే? మళ్లీ కంటే నువ్వే దక్కవు."

"మీ పొలం యాడికీ పోదమ్మా. మా బిడ్డలు సముద్రం మీదకి పోవాల."

అమ్మ వదల్లేదు. బాపట్లలో క్యాంపు పెడితే తనే బస్సులో తీసుకెళ్లింది, నన్నూ వెంటబెట్టుకుని. పందిరి కింద చాపల మీద వరసగా పడుకోబెట్టిన ఆడవాళ్ల మధ్య నూకాలమ్మ నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. కార్తీకంలో మా ఇంట నీసు ముట్టరు కాబట్టి, ఆమె రాకపోవడం మాకు వింతనిపించలేదు. మా చేలో ఉప్పునీళ్లు నిలిచాయన్న బాధే సరిపోయింది. నెల దాటాక ఆమె గంప లేకుండా వచ్చింది. కొడుకులిద్దరూ కొట్టుకుపోయారని చెప్పింది. ఏడవలేదు.

"ఆ కుట్టు మళ్లీ ఇప్పుతారా అమ్మా? డాక్టరమ్మని అడిగి చెప్పండి."

అమ్మ మర్నాడే తెనాలి వెళ్లింది. తిరిగొచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింటి గచ్చు మీద కూలబడింది. ఆ వారంలోనే నూకాలమ్మ వచ్చి పిలిస్తే, "ఊళ్లో లేనని చెప్పు" అని నన్ను పంపింది. చెప్పాను. నూకాలమ్మ గుమ్మం పక్కనున్న అమ్మ చెప్పులు చూసి, "సర్లే బుజ్జమ్మా" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మా చేను రెండేళ్లకే పండింది. గంపలెత్తుకుని గడపగడపకీ తిరిగే ఆడవాళ్లు ఇప్పుడు లేరు. ఆ పాలెంలోనూ ఇద్దరు చాలంటున్నారు. పోయేదాకా అమ్మ ఆ పేరు ఎత్తలేదు. నూకాలమ్మ ఎప్పుడు పోయిందో, ఎవరు మట్టి చేశారో నాకు తెలియదు.