జిల్లేడాకు కింద బంగారు చుక్కల గూడు

బడి మానేశాక ఉత్తరం ముక్క కూడా రాయని నేను యాభై ఏళ్ల వయసులో కలం పట్టడానికి కారణం ఒకటే. ఆ రోజు చూసింది చెప్పుకోవడానికి ఇంట్లో రెండో మనిషి లేరు. బీచుపల్లి మీదుగా గద్వాల వెళ్లేవారికి దారి కూడా తెలుస్తుందని రాస్తున్నాను.

శనివారం బీచుపల్లి ఆంజనేయస్వామికి జిల్లేడాకుల దండ వేయడం మా ఆయన మొక్కు. ఆయన పోయాక నేనే కడుతున్నాను. మొన్న శుక్రవారం సాయంత్రం వనపర్తిలో మా ఇంటి వెనక ఆకులు కోశాను. ఒక ఆకు అడుగున ఈతకాయంత లేతాకుపచ్చ గూడు వేలాడుతోంది. దాని మీద బంగారం అద్దినట్టు చుక్కలు. లోపల ప్రాణముందా? ఆకు తుంచి చంపేశానా? నిద్ర పట్టలేదు. పట్టుగూడేమో, గద్వాల నేతవాళ్లకైతే తెలుస్తుందనుకున్నాను. ఆ ఒక్క ఆకును దండలో కట్టకుండా స్టీలు డబ్బా మూతికి అడ్డంగా పెట్టి, గూడు లోపలికి వేలాడేలా దారంతో కట్టాను.

పొద్దున ఆరింటికి గద్వాల బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కండక్టర్ డబ్బా వంక చూశాడు.

"ఏందమ్మా, సద్ది గంత భద్రంగ పట్టుకున్నవ్?"

"సద్ది కాదు నాయనా, పురుగు."

"మరి పురుగుకు ఆధార్ ఉందా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పెబ్బేరు దాటాక బీచుపల్లిలో దిగి దండ ఇచ్చాను. అక్కడి నుంచి ఇంకో బస్సులో ఎర్రవల్లి చౌరస్తా మీదుగా తొమ్మిదికల్లా గద్వాల చేరాను. బస్టాండు నుంచి నేతవాళ్ల వీధికి ఆటో ఇరవై రూపాయలు. మగ్గం మీదున్న పద్మ అనే ఆమె గూడు చూసి, అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపింది.

"అయ్యో అక్కా, తాతల నాటి నుంచి పట్టు నేస్తున్నం గానీ పట్టుగూడు ఎట్లుంటదో తెల్వదు. మాకు దారమే వస్తది." ఫోనుతో ఫొటో తీసి వెతికితే అమ్మకానికి పెట్టిన చెవికమ్మలు వచ్చాయి. "పైసలిస్తే ఇంటికే పంపుతరంట!" అని పకపకా నవ్వింది.

పక్క మగ్గం నుంచి వాళ్లత్త అందుకుంది. "పట్టుగూడైతే గిట్ల ఊరేగిస్తరా? పురుగు బయటికి రాకముందే కాగే నీళ్లల్ల ఏస్తరు."

నేను కట్టుకున్న చీర పట్టంచు చేతికి తగిలింది. డబ్బాను దగ్గరికి జరుపుకున్నాను.

"ఇంట్ల ఎవరెవరున్నరక్కా?" అని అడిగింది పద్మ టీ ఇస్తూ.

"నేనే" అన్నాను.

తిరుగు బస్సులో చూస్తే గూడు నల్లబడింది. చచ్చిపోయిందనుకున్నాను. కృష్ణలో వదిలి దండం పెట్టుకుందామని మళ్లీ బీచుపల్లిలో దిగి నది మెట్ల మీద కూర్చున్నాను. దారం విప్పబోతుంటే గూడు చిట్లింది. తడిసి ముడుచుకున్న నారింజ రెక్కలు, నల్ల అంచు, అంచులో తెల్ల చుక్కలు. మా జిల్లేడు చుట్టూ రోజూ తిరిగే సీతాకోకచిలుకే! ఆకులు కోసేటప్పుడు అడ్డమొస్తే చేత్తో తోలేదాన్ని.

"ఇగో, జర చూడుండ్రి" అంటూ పక్కకు తిరిగాను. ఆయన ఎప్పుడూ కూర్చునే మెట్టు ఖాళీగా ఉంది.

రెక్కలు ఆరేదాకా బస్సులు వదులుకుని కూర్చున్నాను. అది లేచి, నది మీదికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తాళం తీశాక డబ్బా కడగబుద్ధి కాలేదు. ఆకుకు పల్చటి ఖాళీ గూడు అంటుకుని ఉంది. చుక్కల్లో బంగారం లేదు. ఇంకో ప్రాణం కోసం పరేషాన్ కాక చాలా రోజులైంది. ఆ ఒక్క పూట ఒంటరిదాన్నన్న సంగతే మరిచాను. స్వామికి ఆకు తక్కువైనందుకు క్షమించమని మొక్కుకున్నాను.

దండకు ఆకులు కోసేవారు ముందు ఆకును తిప్పి, అడుగున చూసి కోయండి. దారి వివరాలు అందరికీ చెప్పండి. ఆ మెట్టు దగ్గరి మాట మాత్రం మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చెప్పకండి.