వచ్చే మెయిల్ గడి

ఈరోజు ఆఫీసులో కొత్త మేనేజరుకు మెయిల్ ప్రోగ్రాం సెట్ చేస్తుంటే రెండు గడులు కనిపించాయి. పంపే మెయిల్‌కు ఒకటి, వచ్చే మెయిల్‌కు ఒకటి. ఒళ్లు మండింది.

కేజీఎఫ్ బంగారు గనుల లైన్ ఇళ్లలో నాతో పెరిగినవాళ్లారా, గనులు మూసేశాక తెరిచిన ఆ ఇంటర్నెట్ సెంటర్ గుర్తుందా? బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము కీబోర్డు మీద తెల్లగా పేరుకునేది. మా నాయన గనిలో డ్రిల్లర్. పని పోయాక, సొరంగాలు తవ్వే కంపెనీలకు అక్కడి నుంచే మెయిల్‌లో అర్జీలు పంపాడు. వారం వారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, సెంటర్ నడిపే అన్నను అడిగేవాడు.

“ఏమప్పా, జవాబు వచ్చిండాదా?”

“వస్తే నేనే చెప్తాను కదా పెద్దాయనా. కంపెనీ కారే పంపిస్తాదిలే, ఇంట్లో ఉండు పో!”

అందరూ నవ్వేవాళ్లు. నాయన కూడా నవ్వేవాడు.

స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చినప్పుడల్లా సెంటర్ అన్న చదవకుండా క్యాన్సిల్ నొక్కేవాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ ఎర్రర్‌ను నేను చదివాను. వచ్చే మెయిల్ గడిలో సర్వర్ పేరు తప్పు! మేం పంపినవి వెళ్లాయి గానీ, మాకు వచ్చినవేవీ దిగలేదు. సరిచేయగానే పాత ఉత్తరాలన్నీ దిగాయి. ఒకటి నాయనకు: పది రోజుల్లో వచ్చి పనిలో చేరండి. అది వచ్చి ఏడాది దాటింది. అప్పటికి ఆయన దగ్గుకు మెట్లెక్కడమే గగనం.

నాయన ఎవరినీ తిట్టలేదు. “లిఫ్టు కేజ్ మళ్లా పైకి వస్తాదా అని చూడకుండా, గనిలోకి ఒక్క మనిషినీ దించేవాళ్లం కాదమ్మా,” అన్నాడు.

“ఇంకా ఎంతసేపు?” అని ఈరోజు ఆఫీసులో మేనేజరు గొణిగాడు. పరీక్షకు పంపిన మెయిల్‌కు జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవనన్నాను.