ఒక్క గీత సాగదీస్తే

డిగ్రీ అయిన దగ్గరి నుంచి దీవెనది ఒకటే కొలువు, గిద్దలూరులో నాగేంద్ర ఫ్లెక్సీ దుకాణంలో డిజైనరు. పుట్టినరోజులు, పుష్పవతి ఫంక్షన్లు, చావులు, అన్నీ ఆమె చేతి మీదుగానే గోడలెక్కేవి. మొటిమలు తుడవడం, మొహాలు తెల్లబరచడం ఆమెకు నీళ్లు తాగినంత సులువు. తన ఎడమ మోచేతి మీది బొల్లి మచ్చను మాత్రం పొడుగు చేతుల జాకెట్టు కింద దాచుకునేది. అది అంటుకునేది కాదని మార్కాపురం డాక్టరు చెప్పినాడు. సంబంధాలు చూసేవాళ్లకు డాక్టరు మాటతో పనేముంది? వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయినారు.

రాచర్ల ఊరి ప్రభుదాస్ ఒక్కడే మచ్చ చూసి కూడా సరేనన్నాడు.

"మా అమ్మకు మాత్రం పెళ్లయినాక చెప్దాం. ముందే తెలిస్తే పెళ్లి జరగనీదు."

దీవెన తలూపింది. ఆ మచ్చ పెళ్లిదాకా బయటపడకుంటే చాలు, ఆమెకూ ఒక కాపురం ఉంటుంది.

ప్రధానానికి, అంటే ఉంగరం తొడిగే నిశ్చితార్థానికి, ఫ్లెక్సీ తానే చేసుకుంది. ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలో ప్రభుదాస్ కొనిచ్చిన పొట్టి చేతుల జాకెట్టు వేసుకుంది. ఎట్లయినా చెరిపేది తనే కదా అని ధైర్యం.

ఈ మధ్య ఫోన్లలో అందరూ మెచ్చుకునే ఎఫెక్టు ఒకటుంది. బొమ్మలోంచి ఒక నిలువు గీతను, ఒక్క పిక్సెల్ వెడల్పున తీసి పక్కకు లాగితే, అందులోని ఒక్కో చుక్క ఒక్కో రంగు చారగా సాగుతుంది. ఆ చారలను వంచితే మనిషి నుంచి రంగులు ఏరై పారినట్టుంటుంది. దీవెన తన ఎడమ చెయ్యి మీదుగా గీత తీసుకుంది. జాకెట్టు ఎరుపు, గాజుల ఆకుపచ్చ, చీర పసుపు వరసగా పడతాయని. కాపీ చేసింది, లాగింది, వంచింది. ఆ తరవాత ఫొటోలో మచ్చ చెరిపింది.

రోజూ అయితే ముందు చెరిపి, తక్కిన పని తరవాత చేసేది. ఆ రోజు కొత్త ఎఫెక్టు మోజులో వరస తప్పింది. అప్పటికే లాగిన చారల్లో మచ్చ అట్లనే ఉండిపోయింది. తెర మీద చిన్నగా కనబడితే జరీ మెరుపనుకుని మురిసిపోయింది.

శనివారం పొద్దున రాచర్ల చర్చి ముందర ఫ్లెక్సీ కట్టినారు. ఎండలో, మనిషికి రెండింతల బొమ్మ. నున్నటి మోచేతి దగ్గర మొదలై, జానెడు మందాన తెల్లటి చార ఒకటి ఫ్లెక్సీ అంచుదాకా పారింది.

"ఏంది మగ్దలీనక్కా, నీ కోడలి చేతిలోంచి పాలు కారతాండాయి!" అని కుర్చీలు వేస్తున్న శేషమ్మ నవ్వింది.

ప్రభుదాస్ తల్లి మగ్దలీనమ్మ నవ్వలేదు. ఈ పిల్ల ఎప్పుడూ పొడుగు చేతుల జాకెట్టే వేస్తాదని గుర్తొచ్చి, నేరుగా దీవెన దగ్గరికి వచ్చింది.

"చెయ్యి చూపించు."

"అత్తా, అదీ..."

"చూపించమంటి!"

జాకెట్టు చెయ్యి ఆమే పైకి లాగింది. చర్చి మెట్ల మీదున్న వాళ్లంతా మెడలు సాచినారు.

"దీన్నా నా ఇంట్లో దించాలని చూసినారు? రేపు నాకు మనవలు పుడతారా, చుక్కల మేకపిల్లలు పుడతాయా?"

ఎవరో కిసుక్కుమన్నారు. దీవెన నాయన దేవదానం చేతులు జోడించినాడు.

"అక్కా, అది అంటురోగం కాదు. డాక్టరే చెప్పినాడు..."

"నువ్వు నోరు ముయ్యి." ఆమె కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసేంరా?"

ప్రభుదాస్ దీవెనను చూసినాడు. తరవాత తన కొత్త బూట్లు చూసుకున్నాడు.

"తెలీదమ్మా."

ఉంగరం డబ్బీని మగ్దలీనమ్మ కొంగున ముడేసుకుంది. వండిన బిర్యానీ వడ్డనకు పోయింది. దీవెన వాళ్లు తినకుండానే ఆటో ఎక్కినారు. ఆటో తిరిగేలోపే మగ్దలీనమ్మ ఫ్లెక్సీ దించి, కొడుకు ఉన్న సగం కత్తిరించి మడతపెట్టుకుంది. రెండో సగాన్ని ఎంగిలాకులు ఎత్తేదానికి వంటవాళ్లకు ఇచ్చేసింది.

సోమవారం దీవెన దుకాణానికి పోయింది. నాగేంద్ర ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"విన్నాలే. ఆ తెల్లగీత ప్రింటు తీసేటప్పుడే చూసినా."

"చూసి... చెప్పలేదేందన్నా?"

"చెప్తే సరిచేసుకుని, పెళ్లి చేసుకుని పోయేదానివి. నీ అంత పనిమంతురాలు మళ్లీ నాకెక్కడ దొరుకుతాది?" నిజంగానే మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. "రా, కూచో. వెలిగండ్ల వాళ్ల ఫ్లెక్సీ మధ్యాహ్నానికి కావాలంట."

దీవెన గుమ్మంలోనే నిలబడింది. గిద్దలూరులో ఆమెకు పని ఇవ్వగల ఇంకో ఫ్లెక్సీ దుకాణం నాగేంద్ర బామ్మర్దిది.

కాసేపటికి లోపలికొచ్చి కంప్యూటరు ఆన్ చేసింది.